ఎన్‌హాన్సర్ కలిపాక మందు తక్కువగా దాటింది, ఎందుకు?

జిజ్ఞాసి | సోమవారం, ఉదయం 10:05

సభ్యులందరికీ నమస్కారం. నేను ఫార్మసీలో స్నాతకోత్తర విద్య అభ్యసిస్తున్నాను. రసాయన ఎన్‌హాన్సర్ల (మందు చర్మాన్ని ఎక్కువగా దాటేలా చేసే పదార్థాల) సాయంతో నొప్పి మందైన ఐబుప్రొఫెన్‌ను చర్మం గుండా పంపడం నా ప్రాజెక్టు అంశం. పైన మందు పోసే దాత గది, కింద దాటిన మందు చేరే రిసెప్టర్ గది ఉండే ఫ్రాంజ్ సెల్‌లో, ఆ రెండింటి నడుమ పంది చెవి చర్మాన్ని అమర్చి రెండు ద్రావణాలను పోల్చి చూశాను. మొదటిది సగం నీరు, సగం ప్రొపైలీన్ గ్లైకాల్ కలిసిన మిశ్రమంలో 2 శాతం ఐబుప్రొఫెన్. రెండోది నీరు లేని ప్రొపైలీన్ గ్లైకాల్‌లో 2 శాతం ఐబుప్రొఫెన్, దానికి తోడు 5 శాతం సినియోల్. మొదటిది కాస్త మబ్బుగా కనిపించింది, రెండోది అద్దంలా తేటగా ఉంది.

సినియోల్ పేరున్న ఎన్‌హాన్సర్ కనుక రెండో ద్రావణం నుంచి మందు ఎన్నో రెట్లు ఎక్కువగా దాటుతుందని అనుకున్నాను. ఎనిమిది గంటల తరువాత చూస్తే ఎన్‌హాన్సర్ ఉన్న ద్రావణం నుంచే తక్కువ మందు దాటింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. లోపం చర్మం ముక్కలో ఉందా, నా కొలతలో ఉందా, లేక ఎన్‌హాన్సర్ల గురించి నేను అర్థం చేసుకున్న తీరులోనే ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

ద్రావణి | సోమవారం, ఉదయం 11:40

జిజ్ఞాసి గారూ, మొదటి ద్రావణం మబ్బుగా ఉందని మీరు మాటవరసకు అన్నారు కానీ, సమాధానం ఆ మాటలోనే ఉంది. నీరు సగం ఉన్న మిశ్రమంలో ఐబుప్రొఫెన్ అంతగా కరగదు. మీరు వేసిన 2 శాతంలో కొంత భాగం కరగకుండా సన్నని కణాలుగా మిగిలిపోవడం వల్లే అది మబ్బుగా కనిపించింది. అంటే ఆ ద్రావణం పూర్తిగా సంతృప్తమై ఉంది. ప్రొపైలీన్ గ్లైకాల్‌లో మాత్రం ఐబుప్రొఫెన్ చాలా బాగా కరుగుతుంది కనుక అదే 2 శాతం దానికి ఒక మూలకు కూడా చాలదు.

మందు చర్మంలోకి వెళ్లడానికి కారణం గాఢత అని మనం సులువుగా అంటాం. నిజానికి దాన్ని నెట్టేది ఉష్ణగతిక క్రియాశీలత, అంటే ఆ అణువు తానున్న ద్రావణిని విడిచిపోవడానికి చూపే మొగ్గు. టకేరు హిగుచి 1960లోనే ఈ విషయాన్ని లెక్కకట్టి చూపించారు. ఫిక్ నియమం ప్రకారం ఫ్లక్స్, అంటే నిర్ణీత వైశాల్యం గుండా నిర్ణీత సమయంలో దాటే మందు, నాలుగింటిపై ఆధారపడుతుంది: అడ్డుపొరలో వ్యాపన గుణకం (మందు అందులో ఎంత సులువుగా కదులుతుందో), ద్రావణికి అడ్డుపొరకు మధ్య వితరణ గుణకం (ద్రావణితో పోలిస్తే అడ్డుపొరలో చేరడానికి మందు ఎంత మొగ్గుతుందో), ద్రావణిలో గాఢత, అడ్డుపొర మందం. మొదటి మూడింటినీ గుణించి నాలుగోదానితో భాగించాలి. ఇందులో చిక్కు ఏమిటంటే, ద్రావణి మందును ఎంత బాగా కరిగిస్తే వితరణ గుణకం అంతగా పడిపోతుంది. హాయిగా ఉన్న ఇల్లు విడిచి పోవాలని ఎవరికి మాత్రం ఉంటుంది? కాబట్టి మీరు ఒక చేత్తో ఎన్‌హాన్సర్ వేసి, మరో చేత్తో మందును నెట్టే బలాన్ని తీసేశారు. రెండూ కలిసి నికరంగా నష్టమే మిగిలింది.

ఇక ముందు రెండు ద్రావణాలనూ సంతృప్త స్థితిలోనే, అడుగున కాస్త కరగని మందు ఉండేలా తయారు చేసి పోల్చండి. చర్మాన్ని ఏమాత్రం మార్చని సంతృప్త ద్రావణాలన్నీ, వాటిలోని గాఢత ఎంత భిన్నంగా ఉన్నా, సూత్రప్రాయంగా ఒకే ఫ్లక్స్ ఇవ్వాలి. తేడా కనిపిస్తేనే చర్మంలో ఏదో మారిందని నమ్మకంగా అనగలం.

జిజ్ఞాసి | సోమవారం, మధ్యాహ్నం 12:15

ధన్యవాదాలు. శాతం సమానంగా ఉంటే పోలిక న్యాయమైనదే అనుకున్నాను. అయితే నా సందేహం ఇంకొంచెం లోతుకు పోయింది. సినియోల్, ఓలియిక్ ఆమ్లం, ఏజోన్ వంటివి అసలు చర్మంలో ఏమి చేస్తాయి? పుస్తకాలన్నీ అవి లిపిడ్ల (చర్మంలోని కొవ్వు పదార్థాల) అమరికను చెదరగొడతాయని ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాయి. చెదరగొట్టడం అంటే అణువుల స్థాయిలో ఏమి జరుగుతుందో చెప్పగలరా?

లామెల్లా | సోమవారం, సాయంత్రం 6:30

ఇది నాకు ఇష్టమైన అంశం కనుక జవాబు పొడవుగా ఉంటుంది, మన్నించాలి.

ముందు అడ్డుగోడను చూద్దాం. చర్మం మొత్తంలో మందులను నిజంగా ఆపేది పైనున్న స్ట్రాటమ్ కార్నియం అనే నిర్జీవ పొర. దాని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు మాత్రమే, అంటే సన్నని కాగితం మందంలో కూడా కొద్ది భాగమే. అందులో కెరాటిన్ అనే ప్రోటీన్‌తో నిండి బల్లపరుపుగా ఉన్న మృతకణాలు సుమారు 15 నుంచి 20 వరుసలుగా పేర్చి ఉంటాయి. వాటి సందులన్నిటినీ లిపిడ్లు నింపుతాయి. కణాలను ఇటుకలతో, లిపిడ్లను సున్నంతో పోల్చే ప్రసిద్ధ నమూనాను 1975లో మైకేల్స్, ఆయన సహచరులు వ్యాప్తి లెక్కల కోసం వాడారు, తరువాత పీటర్ ఎలియాస్ దానికి ప్రాచుర్యం తెచ్చారు. చాలా మందుల అణువులు ఇటుకలను చీల్చుకుని పోవు. సున్నం వెంబడి మెలికలు తిరుగుతూ పోతాయి. అందువల్ల అవి నడిచే దారి పొర మందానికి ఎన్నో రెట్లు పొడవుగా ఉంటుంది.

ఈ సున్నం మామూలు కణత్వచం వంటిది కాదు. మన శరీరంలోని దాదాపు ప్రతి త్వచానికీ ఫాస్ఫోలిపిడ్లు ఆధారం కాగా, ఇక్కడ అవి ఇంచుమించు లేవు. వాటి స్థానంలో సెరమైడ్లు, కొలెస్టరాల్, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు అణుసంఖ్యలో దాదాపు సమాన పాళ్లలో ఉంటాయి. కొవ్వు ఆమ్లాల గొలుసులు ఎక్కువగా 22 నుంచి 26 కార్బన్ల పొడవుతో, ద్విబంధాలు లేకుండా తిన్నగా ఉంటాయి. అలాంటి తిన్నని గొలుసులు కట్టెల మోపులోని కట్టెల్లా ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకుంటాయి. మామూలు చర్మ ఉష్ణోగ్రత వద్ద వాటిలో పెద్ద భాగం ఆర్థోరాంబిక్ అనే అత్యంత బిగువైన అమరికలో, దాదాపు ఘనస్ఫటికంలా ఉంటుంది. వేడి చేస్తే ముందు కాస్త వదులైన షట్కోణ అమరికకు, మరింత వేడి చేస్తే ద్రవస్థితికి మారుతుంది. ఆ ద్రవీకరణ పరివర్తనలు 60 డిగ్రీలు దాటాకే వస్తాయి కనుక జీవించి ఉన్న మనిషి చర్మంలో వేడితో అది సాధ్యపడదు. ఇంకో సంగతి, ఈ పొరలు ఒకదానిపై ఒకటి సుమారు 13 నానోమీటర్ల విరామంతోనూ, దాదాపు 6 నానోమీటర్ల విరామంతోనూ పునరావృతమవుతాయి. 13 నానోమీటర్ల అమరిక ప్రత్యేకించి చర్మానికే చెందింది.

ఇప్పుడు ఓలియిక్ ఆమ్లాన్ని తీసుకోండి. దాని 18 కార్బన్ల గొలుసు నడుమ సిస్ రూపంలో ఒక ద్విబంధం ఉంది, అక్కడ గొలుసు వంగుతుంది. ఆ వంపు ఎంత పని చేస్తుందో తెలియాలంటే ద్రవీభవన స్థానాలు చూస్తే చాలు: ఒకే పొడవున్న స్టియరిక్ ఆమ్లం దాదాపు 69 డిగ్రీల వద్ద కరుగుతుంది, ట్రాన్స్ రూపమైన ఎలైడిక్ ఆమ్లం 45 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఓలియిక్ ఆమ్లం మాత్రం 13 నుంచి 16 డిగ్రీలకే ద్రవమవుతుంది. తిన్నని కట్టెల మోపులో వంకర కట్టెలు జొప్పిస్తే మోపు ఎలా వదులవుతుందో ఊహించండి. ఏజోన్‌ది మరో పద్ధతి. దానికి ఏడు సభ్యుల వలయం తల, 12 కార్బన్ల తోక. చర్మం కోసమే ప్రత్యేకంగా రూపొందించిన తొలి ఎన్‌హాన్సర్ ఇదే, 1970వ దశకంలో వచ్చింది. తోక లిపిడ్ గొలుసుల మధ్యకు దూరితే, లావుపాటి తల సెరమైడ్ల తలల మధ్య నుండే హైడ్రోజన్ బంధాల వరుసను ఎడం చేస్తుంది. అందుకే 1 నుంచి 3 శాతం ఏజోన్‌తోనే గణనీయమైన ఫలితం కనిపిస్తుంది.

సినియోల్, లిమొనీన్ వంటి టెర్పీన్లు (మొక్కల సుగంధ తైలాలలో ఉండే పదార్థాలు) చిన్న అణువులు. పొడవైన తోక లేకపోయినా లిపిడ్ల మధ్య చేరి అమరికను సడలిస్తాయి.

పాతకాపు | సోమవారం, రాత్రి 9:10

లామెల్లా గారి బొమ్మ అందంగా ఉంది, కానీ నాకు దానిపై కొంత అనుమానం. ఇటుకలు, సున్నం, కట్టెల మోపు అని పోలికలు చెప్పుకుంటూ పోతే ఎన్‌హాన్సర్లు ఎంతో మర్యాదగా తలుపు తీసి మళ్లీ మూసేస్తాయన్న భ్రమ కలుగుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నవాడిగా చెబుతున్నాను: ఎన్‌హాన్సర్ అనేది చాలా సందర్భాలలో చర్మానికి జరిగే నష్టానికి మనం పెట్టుకున్న మర్యాదపూర్వకమైన పేరు.

డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణి కథే ఉదాహరణ. రష్యన్ రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ జైత్సెవ్ 1866లో దాన్ని తయారు చేశారు. 1960వ దశకం మొదట్లో అమెరికాలోని ఆరెగాన్‌లో స్టాన్లీ జేకబ్ అది చర్మాన్ని ఇట్టే దాటి పోతుందని, తోడుగా ఇతర అణువులనూ తీసుకుపోతుందని చూపించాక, సర్వరోగ నివారిణి దొరికిందన్నంత సంబరం చెలరేగింది. ప్రయోగ జంతువుల కంటి కటకాలలో మార్పులు కనిపించడంతో 1965లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ మనుషులపై పరీక్షలను ఆపించింది. పైగా దాని ప్రభావం గాఢతతో చాలా వేగంగా మారుతుంది. బలమైన ఫలితం కావాలంటే సాధారణంగా 60 శాతం పైనే ఉండాలి. అంత గాఢతలో అది లిపిడ్లను కడిగివేస్తుంది, కెరాటిన్ ఆకృతిని మారుస్తుంది, చర్మాన్ని ఎర్రబరుస్తుంది. చర్మానికి రాసిన కాసేపటికే నోటిలో వెల్లుల్లి రుచి తగులుతుంది, ఊపిరిలోనూ ఆ వాసనే వస్తుంది. శరీరంలో అది డైమిథైల్ సల్ఫైడ్‌గా మారడమే కారణం. ఆ ద్రావణి ఎంత త్వరగా లోపలికి చేరిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నురుగునిచ్చే డిటర్జెంట్ అయిన సోడియం లారిల్ సల్ఫేట్ కూడా ప్రవేశాన్ని పెంచుతుంది. అదే పదార్థాన్ని చర్మ పరిశోధకులు కావాలని చికాకు పుట్టించడానికి ప్రమాణంగా వాడతారు. రెండూ ఒకే గుణానికి రెండు ముఖాలు.

ద్రావణి | సోమవారం, రాత్రి 10:25

పాతకాపు గారి చివరి మాటతో సగం ఏకీభవిస్తాను. ఎన్‌హాన్సర్ల బలానికి, చికాకుకు మధ్య సంబంధం ఉందన్నది నిజం. కానీ ఆ సంబంధం తెంచలేనిది కాదు. సమీర్ మిత్రగోత్రి బృందం 2005లో ప్రచురించిన విశ్లేషణలో ఎన్‌హాన్సర్లను లిపిడ్లను బయటకు లాగేవి, లిపిడ్లను లోపలే ద్రవీకరించేవి అని రెండు తరగతులుగా విడదీశారు. పైకి రెండూ ఒకే విధంగా ప్రవేశ్యతను పెంచినా చర్మంలో అవి చేసే పని వేరు. అంతకు ముందు ఏడాది అదే బృందం వేలకొద్దీ మిశ్రమాలను యంత్రసహాయంతో వడపోసి, విడివిడిగా ఉన్నప్పుడు సాధారణంగా పనిచేసే రెండు పదార్థాలు కొన్ని అరుదైన నిష్పత్తులలో కలిసినప్పుడు చికాకు పెంచకుండానే ప్రవేశ్యతను బాగా పెంచగలవని చూపింది. అలాంటి మిశ్రమాలు చాలా అరుదు అన్నది మాత్రం ఒప్పుకోవాలి.

డైమిథైల్ సల్ఫాక్సైడ్ కూడా కథ ముగిసిన పదార్థమేమీ కాదు. మోకాలి కీళ్ల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ ద్రావణంలో అది 45.5 శాతం ఉంటుంది. దానికి అమెరికాలో 2009లో అనుమతి వచ్చింది. 60 శాతానికి దిగువనే ఆగి, చికాకును భరించదగ్గ స్థాయిలో ఉంచడం అక్కడి నేర్పు. మరికొన్ని ఉదాహరణలు చూడండి: టెస్టోస్టెరాన్ జెల్‌లో ఐసోప్రొపైల్ మిరిస్టేట్, ఆక్సిబ్యుటినిన్ ప్యాచ్‌లో ట్రైఅసిటిన్, తొలి ఎస్ట్రడయాల్ ప్యాచ్‌లో ఎథనాల్. వీటిలో ఏదీ ప్రయోగశాలలో వందరెట్లు ఫలితమిచ్చే వీరుడు కాదు. నెమ్మదైనవి, వినియోగదారుకు తెలియకుండా పని చేసేవి. మార్కెట్లో నిలిచినవి అవే.

కొత్తచేరిక | మంగళవారం, ఉదయం 7:50

నేను ఈ రంగానికి చెందినవాడిని కాను. చిన్న ప్రశ్న. మెంథాల్ కూడా టెర్పీనే కదా, అది రాసుకోగానే చల్లగా అనిపించడం అంటే చర్మం తెరుచుకుని మందు లోపలికి పోతున్నట్టేనా? అలాగే కొల్లాజెన్ క్రీములలో ఎన్‌హాన్సర్ ఉంటే కొల్లాజెన్ లోపలికి వెళుతుందా?

చర్మవైద్య | మంగళవారం, ఉదయం 9:20

మెంథాల్ చల్లదనం నరాలకు సంబంధించింది. చలిని గ్రహించే నాడీ అంచులలోని టీఆర్‌పీఎం8 అనే గ్రాహకాన్ని మెంథాల్ ప్రేరేపిస్తుంది, మెదడు దాన్ని చలి అని అర్థం చేసుకుంటుంది. మెంథాల్ ఆ నాడుల వరకు చేరిందని మాత్రమే దానివల్ల తెలుస్తుంది. వెంట ఉన్న మందు చేరిందో లేదో చల్లదనం చెప్పదు. మెంథాల్ ఎన్‌హాన్సర్‌గా పనిచేయడం వేరే సంగతి.

కొల్లాజెన్ విషయానికి వస్తే, బాస్, మైనార్డి 2000లో ప్రతిపాదించిన 500 డాల్టన్ల (డాల్టన్ అంటే అణుభారపు ప్రమాణం) నియమం గుర్తుంచుకోండి. అంతకంటే బరువైన అణువులు ఆరోగ్యకరమైన చర్మాన్ని చెప్పుకోదగ్గ మోతాదులో దాటడం చాలా కష్టమని వారు వాదించారు. కొల్లాజెన్ అణువు సుమారు మూడు లక్షల డాల్టన్లు. మామూలు ఎన్‌హాన్సర్ ఎన్ని కలిపినా అది పైపొర మీదనే ఉండిపోతుంది. పైన ఉండి తేమను నిలపడం కూడా ఒక ఉపయోగమే అనుకోండి, కానీ దాన్ని ప్రవేశం అనకూడదు.

వైద్యురాలిగా ఇంకో మాట చేర్చాలి. ఎన్‌హాన్సర్‌కు తన పర తేడా తెలియదు. అడ్డుగోడ సడలి ఉన్నంత సేపు మనం పంపదలచిన మందుతో పాటు రంగులు, సువాసన పదార్థాలు, నిల్వకారకాలు, చేతికి అంటిన మరేదైనా సరే లోపలికి పోవచ్చు. ఎగ్జిమా వంటి వ్యాధులలో సెరమైడ్ల కూర్పు ముందే దెబ్బతిని ఉంటుంది, అక్కడ మరొక ఎన్‌హాన్సర్ అవసరం తరచుగా ఉండదు. పైన ప్యాచ్ లేదా పొర కప్పి ఉంచడం కూడా స్ట్రాటమ్ కార్నియంలో నీటిని పెంచి ప్రవేశాన్ని పెంచుతుంది. చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. పొర దెబ్బతింటే దాని కింది సజీవ కణాలు లామెల్లార్ బాడీలనే చిన్న సంచుల నుంచి కొత్త లిపిడ్లను విడుదల చేసి మరమ్మతు మొదలుపెడతాయి. లిపిడ్లను అసిటోన్‌తో తొలగించిన తరువాత మనుషుల చర్మం పూర్తిగా కోలుకోవడానికి దాదాపు మూడు రోజులు పడుతుంది. కాబట్టి రోజూ రాసే మందులో గట్టి ఎన్‌హాన్సర్ ఉంటే, నిన్నటి మరమ్మతు ముగియకముందే ఈ రోజు మళ్లీ తవ్వినట్టవుతుంది.

జిజ్ఞాసి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

చాలా స్పష్టంగా ఉంది. ఒకటి మాత్రం అడగాలి. ఓలియిక్ ఆమ్లం నిజంగా లిపిడ్ల మధ్య చేరి వాటిని సడలిస్తుందని ఎవరైనా కళ్లారా చూశారా, లేక ఫ్లక్స్ పెరిగింది కనుక అలా జరిగి ఉంటుందని ఊహిస్తున్నారా?

లామెల్లా | మంగళవారం, సాయంత్రం 7:05

అడగవలసిన ప్రశ్న. దీనికి పరారుణ వర్ణపటం బాగా ఉపయోగపడుతుంది. లిపిడ్ గొలుసులలోని కార్బన్-హైడ్రోజన్ బంధాల సౌష్ఠవ కంపనం 2850 తరంగసంఖ్యల దగ్గర శిఖరాన్ని ఇస్తుంది. గొలుసులు వదులై అస్తవ్యస్తమయ్యే కొద్దీ ఆ శిఖరం పైకి జరుగుతుంది. మొత్తం జరుగుడు కొద్ది ప్రమాణాలే అయినా పరికరం దాన్ని నమ్మకంగా పట్టుకుంటుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఓలియిక్ ఆమ్లానికి కూడా అవే బంధాలు ఉంటాయి. పైకి జరిగిన శిఖరం చర్మ లిపిడ్లదా, మనం పోసిన ఆమ్లానిదా అని తేల్చలేం. దీనికి చేసిన ఉపాయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. హైడ్రోజన్ల స్థానంలో డ్యుటీరియం పెట్టిన ఓలియిక్ ఆమ్లాన్ని వాడారు. డ్యుటీరియం బరువు ఎక్కువ కావడం వల్ల దాని కంపనం వర్ణపటంలో వేరే చోట కనిపిస్తుంది, అప్పుడు రెండింటినీ విడివిడిగా చదవవచ్చు. 1991లో వెలువడిన ఆ ఫలితం కట్టెల మోపు పోలికను కొంత సవరించింది. ఓలియిక్ ఆమ్లం లిపిడ్లన్నిటిలో సమంగా కలిసిపోకుండా, శారీరక ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా ఉన్న విడి మడుగులుగా కూడా నిలిచి ఉంటుందని తేలింది. ఘనంగా ఉన్న లిపిడ్ల నడుమ ఆ మడుగులు, వాటి అంచులలో ఏర్పడే లోపాలు మందుకు దగ్గరి దారిని కల్పిస్తాయి. నిన్న నేను చెప్పిన పోలిక కేవలం సడలింపునే చూపింది, పాతకాపు గారి అనుమానానికి ఆ మేరకు విలువ ఉంది.

ఉష్ణ విశ్లేషణ మరో సాక్షి. ఇందాక చెప్పిన పరివర్తనలు ఎన్‌హాన్సర్ తరువాత తక్కువ ఉష్ణోగ్రతకు జరిగితే లిపిడ్ల అమరిక మారిందని అర్థం.

పాతకాపు | మంగళవారం, రాత్రి 8:40

ఒప్పుకున్నందుకు సంతోషం. మడుగుల చిత్రం నాకు కట్టెల మోపు కంటే నమ్మదగినదిగా ఉంది. బ్రయన్ బ్యారీ 1991లో చెప్పిన సిద్ధాంతాన్ని కూడా ఇక్కడ తలచుకోవాలి. ఎన్‌హాన్సర్ మూడు విధాలుగా పనిచేయవచ్చన్నారు ఆయన: లిపిడ్ల అమరికను చెదరగొట్టడం, కణాల లోపలి ప్రోటీన్లతో చర్య జరపడం, స్ట్రాటమ్ కార్నియంలో తాను చేరి మందు అక్కడ మరింత బాగా కరిగేలా చేయడం. మూడోది అందరూ మరిచిపోయేది. ప్రొపైలీన్ గ్లైకాల్ చేసేది ఎక్కువగా ఆ మూడో పనే. ఓలియిక్ ఆమ్లాన్ని, ఏజోన్‌ను ప్రొపైలీన్ గ్లైకాల్‌తో కలిపి వాడితే విడివిడి ఫలితాల మొత్తం కన్నా ఎక్కువ రావడానికి కారణం అదే. ఒకటి దారిని సడలిస్తే మరొకటి దారిలో మందుకు చోటు కల్పిస్తుంది.

విశ్లేషకుడు | మంగళవారం, రాత్రి 10:00

ఇంతవరకు ఎవరూ అడగని ఒక విషయం. జిజ్ఞాసి గారు ఐబుప్రొఫెన్‌నే ఎందుకు ఎంచుకున్నారు? పాట్స్, గై 1992లో ఇచ్చిన సమీకరణం అణుభారాన్ని, ఆక్టనాల్-నీటి వితరణ గుణకాన్ని (అణువు నీటికంటే కొవ్వును ఎంత ఇష్టపడుతుందో చెప్పే కొలతను) తీసుకుని చర్మ ప్రవేశ్యతను అంచనా వేస్తుంది. ఐబుప్రొఫెన్‌కు అణుభారం 206, వితరణ గుణకపు సంవర్గమానం దాదాపు 4. కేన్సర్ మందైన 5-ఫ్లోరోయురాసిల్‌కు అణుభారం 130, సంవర్గమానం సున్నాకు దిగువన సుమారు 0.9. నేను లెక్కవేసి చూస్తే నీటి ద్రావణం నుంచి ఐబుప్రొఫెన్ ప్రవేశ్యత రెండోదానికంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ వచ్చింది. అంటే ఐబుప్రొఫెన్‌కు ఈ లిపిడ్ గోడ పెద్ద అడ్డే కాదు.

సినియోల్‌కు అంత పేరు తెచ్చింది 5-ఫ్లోరోయురాసిల్ మీది ఫలితమే. విలియమ్స్, బ్యారీ ఆ మందు ప్రవేశ్యత దాదాపు 95 రెట్లు పెరిగిందని నివేదించారు. నీటిని ఇష్టపడే అణువుకు లిపిడ్లే అసలు అడ్డంకి, వాటిని సడలిస్తే లాభం మొత్తం దానికే. కొవ్వును ఇష్టపడే అణువుకు పరిస్థితి వేరు. అది లిపిడ్ పొరను సులువుగానే దాటి, దాని కిందనున్న నీరు నిండిన సజీవ ఎపిడెర్మిస్ (స్ట్రాటమ్ కార్నియం కింది జీవకణాల పొర) ముందు ఆగిపోతుంది. పైగోడను ఎంత సడలించినా ఆ రెండో అడ్డు అలాగే ఉంటుంది. కనుక సినియోల్ 95 రెట్లు పెంచుతుందన్న వాక్యం అసంపూర్తి వాక్యం. ఏ మందును, ఏ ద్రావణిలో, ఏ చర్మంలో అన్నది దాని వెంటే రావాలి. ఎలుక చర్మం, ముఖ్యంగా వెంట్రుకలు లేని చిట్టెలుక చర్మం, ఎన్‌హాన్సర్లకు అతిగా స్పందిస్తుంది. మీరు పంది చెవి వాడారు, అది మనిషి చర్మానికి దగ్గరిది, మంచి ఎంపిక.

మీకు ఐబుప్రొఫెన్‌తోనే పని చేయాలనుంటే ఇంకో దారి ఉంది. ఐబుప్రొఫెన్, థైమాల్ తగిన పాళ్లలో కలిస్తే యూటెక్టిక్ మిశ్రమం ఏర్పడి ద్రవీభవన స్థానం దాదాపు 32 డిగ్రీలకు దిగుతుంది. అది చర్మం ఉపరితల ఉష్ణోగ్రతే. ఘనంగా ఉండవలసిన మందు చర్మం మీద ద్రవంగా ఉంటుంది, పైగా థైమాల్ కూడా టెర్పీన్ కుటుంబానికి చెందినదే. లిడోకైన్, ప్రిలోకైన్ సమపాళ్లలో ఉన్న మత్తు క్రీమ్ ఇదే సూత్రంపై పనిచేస్తుంది. విడిగా ఘనపదార్థాలైన ఆ రెండూ కలిస్తే గది ఉష్ణోగ్రతకే నూనెలా మారతాయి.

జిజ్ఞాసి | ఆ తరువాతి సోమవారం, ఉదయం 11:15

అందరి సూచనలతో ప్రయోగాన్ని మళ్లీ చేశాను. ఈసారి మూడు ద్రావణాలు, మూడింటిలోనూ అడుగున కరగని ఐబుప్రొఫెన్ మిగిలేలా చూశాను. నీరు కలిసిన ప్రొపైలీన్ గ్లైకాల్, నీరు లేని ప్రొపైలీన్ గ్లైకాల్, సినియోల్ చేర్చిన ప్రొపైలీన్ గ్లైకాల్. మొదటి రెండింటి మధ్య ఫ్లక్స్‌లో పెద్ద తేడా లేదు, రెండోది కాస్త ఎక్కువ. మూడోది రెండింటి కంటే స్పష్టంగా ఎక్కువగా ఉంది. వందరెట్లేమీ కాదు, విశ్లేషకుడు గారు చెప్పినట్టే చిన్న పెరుగుదల. అయినా ఈసారి అది నిజమైన పెరుగుదల అనిపిస్తోంది.

ఒక్క చిక్కు మిగిలింది. సినియోల్ ద్రావణంలో ఫ్లక్స్ మొదటి నాలుగు గంటలు ఎక్కువగా ఉండి, తరువాత మెల్లగా పడిపోయి చివరికి రెండో ద్రావణం దరిదాపులకు వచ్చింది. మందు అయిపోలేదు, అడుగున ఇంకా కనిపిస్తూనే ఉంది. చర్మం తనను తాను మరమ్మతు చేసుకుందనుకుందామంటే అది సజీవమైనది కాదు.

చర్మవైద్య | సోమవారం, ఉదయం 11:50

మరమ్మతు కాదు, మీ తర్కం సరైనదే. లామెల్లార్ బాడీలు పని చేయాలంటే కింది కణాలు సజీవంగా ఉండాలి.

ద్రావణి | సోమవారం, మధ్యాహ్నం 12:30

రిసెప్టర్ గదిలో మందు పోగుపడి వెనక్కు నెట్టే స్థితి రాలేదని ముందు చూసుకోండి. అక్కడి గాఢత సంతృప్తతలో పదో వంతుకు దిగువన ఉంటే ఆ భయం లేదు. అది సరిగా ఉంటే నాకు ఒకే ఒక్క అనుమానం. దాత గది పైభాగాన్ని మూసి ఉంచారా? ప్రయోగం జరుగుతున్నంత సేపు గదిలో నీలగిరి తైలం వాసన వచ్చిందా?

జిజ్ఞాసి | సోమవారం, మధ్యాహ్నం 12:42

మూయలేదు. వాసన గది అంతా నిండిపోయింది, పక్క బల్ల దగ్గరివారు కిటికీలు తెరిచారు.

ద్రావణి | సోమవారం, మధ్యాహ్నం 12:55

నీలగిరి తైలంలో ప్రధాన భాగం సినియోలే. అది ఆవిరి స్వభావం గలది. మీ ఎన్‌హాన్సర్‌లో కొంత చర్మంలోకి, అక్కడి నుంచి రిసెప్టర్ ద్రవంలోకి పోయింది, మిగిలినదాంట్లో చాలా భాగం కిటికీలోంచి బయటకు పోయింది. లిపిడ్ల మధ్య ఎన్‌హాన్సర్ ఉన్నంత సేపే సడలింపు ఉంటుంది. దాత గదిని పారాఫిల్మ్ అనే సాగే మైనపు పొరతో బిగించి మూసి ఒక వరుస, మూయకుండా ఒక వరుస పక్కపక్కనే నడపండి. వీలైతే రిసెప్టర్ నమూనాలలో ఐబుప్రొఫెన్‌తో పాటు సినియోల్‌ను కూడా కొలవండి. రెండు వక్రరేఖలూ ఒకే సమయంలో కిందికి వంగితే అనుమానం తీరుతుంది.